చేపల గంప కింది గుడ్డ

మా తెలుగు చర్చికి సొంత బిల్డింగ్ లేదు. అల్ఫారెట్టాలో ఒక అమెరికన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటాం. మాకంటే ముందు అదే హాలులో ఘానా దేశం వాళ్ళ ఆరాధన జరుగుతుంది. వాళ్ళది ఎప్పుడూ టైముకి ముగియదు, మేము ఎప్పుడూ టైముకి రాము. అందుకే ఇన్నేళ్ళుగా మా మధ్య గొడవ రాలేదు. వంటగదిలో మాత్రం ఒక్కటే ఫ్రిజ్. ఒకసారి వాళ్ళ జొలోఫ్ అన్నం గిన్నెను మాదే అనుకుని మా వాళ్ళందరికీ వడ్డించేశాను. ఈ వారం బిర్యానీ ఎవరు చేశారో గానీ అదిరిందన్నారు అందరూ. ఆ గిన్నె వెతుక్కుంటూ వచ్చినావిడే అకోసువా ఆంటీ. వాళ్ళూ మనలాగే పెద్దవాళ్ళని ఆంటీ అనే పిలుస్తారు.

ఆవిడ రిటైరైన నర్సు. అదే బిల్డింగ్ బేస్‌మెంట్‌లో ఒక గదిలో చిన్న సంస్థ నడుపుతారు. లాభం కోసం కాదు. ఇప్పుడు ఆఫ్రికాలో బతికి, పనిచేస్తున్న చిత్రకారుల్నీ శిల్పుల్నీ ఇక్కడికి రప్పించడం, వాళ్ళ పనిని నలుగురికీ చూపించడం, మ్యూజియం వాళ్ళ కంట్లో పడేలా చేయడం వాళ్ళ పని. మొదటిసారి ఆ గదికి వెళ్ళినప్పుడు నేను తెలివిగా, "మాస్కులు ఎక్కడ పెట్టారు ఆంటీ? జిరాఫీ బొమ్మలు?" అని అడిగాను. ఆవిడ అంతే తెలివిగా, "మీ ఇంట్లో పాముల్ని ఎవరు ఆడిస్తారు, నువ్వా మీ ఆయనా?" అన్నారు. ఆ రోజు నుంచి నేను అక్కడ వాలంటీర్‌ని.

ఆ సంస్థకి ఒక పద్ధతి ఉంది. వచ్చిన ఆర్టిస్టుని వీలైనంతవరకు హోటల్లో పెట్టరు. ఎవరో ఒకరి ఇంట్లో ఉంచుతారు, ఎవరో ఒకరి కారులో తిప్పుతారు. "హోటల్లో పెడితే బొమ్మల పక్కన ఇంకో బొమ్మ అవుతారు. మనిషి ఇంట్లో ఉండాలి" అంటారు ఆంటీ. జార్జియా బయట వాళ్ళ మొదటి ప్రదర్శన షికాగోలో కుదిరింది. తీరా చూస్తే వ్యాన్ నడపాల్సినాయన నడుం పట్టుకుని పడుకున్నాడు. నేను నోరు జారాను. "మా మినీవ్యాన్ ఉంది కదా ఆంటీ, నేను డ్రైవ్ చేస్తా."

అల్ఫారెట్టా

బుధవారం పొద్దున్నే ఆర్టిస్టుని ఎక్కించుకున్నాను. పేరు ఎఫువా. నలభై దాటిన మనిషి. ఘానా సముద్రతీరంలో చేపలమ్మే వాళ్ళ కుటుంబం. మూడు పెద్ద ప్లాస్టిక్ డబ్బాలు వెనక పెట్టించి, ముందు సీట్లో కూర్చుని, చేతిసంచీని ఒళ్ళో పెట్టుకుంది. కారు తలుపు మూశానో లేదో నా ముక్కుకి తెలిసిపోయింది. మాది బందరు దగ్గర. ఎండుచేప వాసనని ఎన్ని గుడ్డలు చుట్టినా నా దగ్గర దాచలేరు.

"సారీ సిస్టర్, వాసన వస్తుంది" అంది ఎఫువా. మేము మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"పర్లేదు. మా ఇంట్లో ఎండుచేపలు వేయించాలంటే గరాజ్‌లో స్టవ్ పెట్టుకుంటాం. లేకపోతే వారం రోజులు సోఫాలన్నీ అదే వాసన. పక్కింటి వాళ్ళకి తెలిస్తే పరువు పోతుంది."

ఎఫువా నవ్వింది. "మీరు గరాజ్‌లో దాచుకునేదాన్ని నేను గోడకి తగిలిస్తాను" అంది.

డబ్బాల్లో ఉన్నవి చుట్టకుదుర్లు. నెత్తిన గంప పెట్టుకునే ముందు పాతగుడ్డని చుట్టచుట్టి మాడుమీద పెట్టుకుంటారే, అవి. మా వైపు చేపలమ్మే ఆడవాళ్ళ తలమీదా చూశాను, ఘానాలోనూ అవే. వాళ్ళ భాషలో దానికి ఒక పేరు చెప్పింది గానీ నా నోరు తిరగలేదు. ఎఫువా బజారు బజారు తిరిగి, కొత్త గుడ్డ ఇచ్చి పాత చుట్టకుదురు తెచ్చుకుంటుంది. చెమట, ఉప్పు, పొగ పట్టించిన చేపల వాసన అన్నీ అలాగే ఉంచేస్తుంది. ఒక్కొక్కటీ ఒక్కో తల ఆకారంలో గట్టిపడి ఉంటుంది. వాటిని వందల సంఖ్యలో గోడంతా గుండ్రంగా అమర్చుతుంది. అదే ఆమె కళ.

టెనెసీలో భోజనం

చాటనూగా దాటాక కొండ ఎక్కి దిగి, ఒక చిన్న ఊళ్ళో క్యాట్‌ఫిష్ తినడానికి ఆగాం. ప్లేటు పద్నాలుగు డాలర్లు, మొక్కజొన్న పిండి బజ్జీలు దాంతోనే ఇచ్చారు. వడ్డించే అమ్మాయి పాపం చాలా మర్యాదస్తురాలు, "హనీ, హనీ" అంటూ ఎడంచేత్తో ప్లేటు అందించింది. నేను చటుక్కున ఎఫువా వైపు చూశాను. ఆమె అప్పటికే నా వైపు చూస్తోంది. వాళ్ళలోనూ ఎడంచేత్తో ఇవ్వడం తప్పట. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆ అమ్మాయి ఏదో ఒలికిందనుకుని బట్టలు చూసుకుంది.

ఎఫువా సంచిలోంచి ఒక సీసా తీసింది. నల్లగా, నూనె తేలుతూ ఉంది. షిటో అంటారట. రొయ్యపొట్టు, ఎండుచేప పొడి, మిరపకాయలు నూనెలో మాడీమాడకుండా వేయించినది. నాలుక మీద వేసుకున్నాను. మా రొయ్యపొట్టు పచ్చడికి సొంత అక్క. నేను నా గోంగూర సీసా తీశాను. అమెరికన్ హోటల్లో కూర్చుని రెండు దేశాల పచ్చళ్ళతో వాళ్ళ చేపని మనుషుల్లో పడేశాం.

మళ్ళీ రోడ్డెక్కాక ఎఫువా ఒళ్ళో సంచి తెరిచి, దిండు గలీబులో చుట్టిన ఒక గుడ్డ చూపించింది. పాత నీలం పువ్వుల అద్దకం బట్ట. వాళ్ళ అమ్మ చుట్టకుదురు.

"అమ్మ పోయి మూడేళ్ళు. చివరి రోజు వరకు బజారుకి వెళ్ళింది. ఆమె ఫోటోలున్నాయి, గొంతు నా ఫోన్లో ఉంది. వాసన మాత్రం ఈ ఒక్క గుడ్డలోనే మిగిలింది. మధ్యలో ఇది, దీని చుట్టూ మిగతావన్నీ. ఇది లేకపోతే అవన్నీ ఊరికే పాతగుడ్డలు" అంది.

నేను చెయ్యి చాపలేదు. ఎదుటివాళ్ళ తల్లి గుడ్డని ఎలా పట్టుకుంటాం? ఆ సంచి మీద ఏమీ పెట్టకూడదని మాత్రం మనసులో గట్టిగా అనుకున్నాను. డబ్బాలన్నీ ఒక ఎత్తు, ఆ సంచి ఒక ఎత్తు.

కెంటకీలో మోటెల్

దారిలో ఎవరి ఇల్లూ దొరకలేదు కాబట్టి ఆ రాత్రికి మోటెల్ తప్పలేదు. ఓనరు గుజరాతీ పెద్దాయన. డబ్బాలు లోపలికి తెస్తుంటే వాసన పట్టాడు. "బెన్, రూమ్‌లో ఫిష్ కుకింగ్ నాట్ అలవుడ్" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మడే! చివరికి డబ్బా మూత తీసి చూపించాను.

ఆయన వంగి ఒక చుట్టకుదురు చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. "మా ఊళ్ళో దీన్ని ఈంఢోణీ అంటారు. మా బా, అంటే అమ్మ, దీని మీద మూడు బిందెలు పెట్టుకుని వచ్చేది. దీన్ని చూడటానికి మనుషులు వస్తారా?" అని అడిగాడు.

"షికాగోలో వస్తారు" అంది ఎఫువా.

ఆయన దాన్ని రెండు చేతులతో తిరిగి డబ్బాలో పెట్టాడు. కాసేపటికి అల్లం టీ రెండు కప్పులు పంపించాడు. మనకైతే టీ అంటే పాలు కదా, ఎఫువాకి అంత తియ్యగా, చిక్కగా ఉన్న టీ కొత్త. మొత్తం తాగేసి, కప్పు అడుగున ఉన్న అల్లం ముక్క కూడా నమిలింది.

ఇండియానా గాలిమరలు

గురువారం ఒహాయో నది దాటాక దారంతా చదునే. కనుచూపుమేర మొక్కజొన్న చేలు, వాటి మధ్య తెల్లటి గాలిమరలు. ఎఫువా అంటే శుక్రవారం పుట్టిన ఆడపిల్ల అని అర్థమట. అకోసువా అంటే ఆదివారం. మన సోమయ్యలూ మంగమ్మలూ గుర్తొచ్చారు. "మరి సునీతా అంటే?" అని అడిగింది. నా పేరుకి అర్థం నాకే సరిగ్గా తెలియదు. ఫోన్లో వెతుకుదామంటే డ్రైవింగ్‌లో ఉన్నాను. బాగా నడుచుకునే మనిషి అని చెప్పేశాను. నా డ్రైవింగ్ చూసి ఆమె నమ్మలేదు.

అక్కడే ఒక చిన్న ఉపద్రవం. ఎఫువా సంచిలో నీళ్ళ సీసా మూత సరిగ్గా బిగించలేదు. గలీబు తడిసి, లోపలి గుడ్డ అంచు కూడా తడిసింది. బండి పక్కకి ఆపాను. ఇద్దరం దాన్ని విప్పి చూశాం. అంచే తడిసింది, వాసన ఉంది. దారి పొడవునా దాన్ని మోకాళ్ళ మీద ఆరేసుకుని, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చుంది.

షామ్‌బర్గ్

మా బస నిర్మలక్క ఇంట్లో. కాకినాడ మనిషి. ఇంతకుముందు అల్ఫారెట్టాలో మా చర్చిలోనే ఉండేది, ఆయనకి ఉద్యోగం మారి షామ్‌బర్గ్ వెళ్ళారు. గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"రండి రండి. కాళ్ళు కడుక్కోండి. ఏమే సునీతా, ఇంత చిక్కిపోయావ్? ఎఫువా, వెల్కమ్ అమ్మా, దిస్ ఈజ్ యువర్ హౌస్. బట్టలేమున్నా కుర్చీ మీద పెట్టేయండి, రేపు పొద్దున లోడ్ వేసేస్తా. మా ఇంటికొచ్చి మాసిన బట్టలతో వెళ్తే నాకు నిద్ర పట్టదు."

నిజంగానే పట్టదు. ఎవరింటికి వెళ్ళినా మన ఆడవాళ్ళు ముందు అన్నం పెడతారు, తర్వాత మన బట్టలు లాక్కుంటారు. ఎఫువా మొహమాటపడి, ప్రయాణపు బట్టలు కుర్చీలో పెట్టింది. తల్లి గుడ్డ అంచు ఇంకా చెమ్మగా ఉందని, గాలి తగలడానికి అదే కుర్చీ వీపు మీద ఆరేసింది.

శుక్రవారం పొద్దున్నే, తల్లి గుడ్డ చివర్లో పెట్టేదే కదా అని ఇంట్లోనే వదిలి, మేము గ్యాలరీకి వెళ్ళిపోయాం. గోడ కొలిచి, డబ్బాలు ఖాళీ చేసి, మధ్యలో చోటు వదిలి, చుట్టూ పెట్టుకుంటూ వచ్చాం. మధ్యాహ్నం భోజనానికి తిరిగొచ్చేసరికి మంచం మీద ఇస్త్రీ చేసిన బట్టలు దొంతరగా ఉన్నాయి. అన్నిటికంటే పైన, నాలుగు మడతలు పెట్టి, నీలం పువ్వుల గుడ్డ.

నిర్మలక్క వెనకే వచ్చి గర్వంగా చెప్పింది. "దీంతో ఎంత సేపు పోరాడానో! ఎంత నీచు వాసనే బాబూ. మూడు నిమ్మకాయలు కోసి, ఉప్పేసి రుద్ది, అప్పుడు మిషన్లో వేశా. కాకినాడ పిల్లని, చేపల వాసన పోగొట్టడంలో నన్ను కొట్టేవాళ్ళు లేరు."

అక్క వాళ్ళమ్మాయి జాయ్ కాలేజీ పిల్ల. మా ప్రదర్శన గురించి నెట్‌లో చదివి ఉంది. గుమ్మంలోనే ఆగిపోయింది. "అమ్మా... నువ్వు దాన్ని వాష్ చేసావ్? అది ఆర్ట్, అమ్మా. అది ఆమె మదర్‌ది."

ఎఫువా గుడ్డ తీసి ముఖానికి పెట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత దాన్ని మంచం మీద పెట్టి, చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయింది.

చెరువు చుట్టూ

వాళ్ళ కాలనీ మధ్యలో వాన నీళ్ళకోసం తవ్విన చిన్న చెరువు ఉంది. ఎఫువా దాని చుట్టూ నడుస్తోంది. బాతులు బుసలు కొడుతున్నా పక్కకి జరగడం లేదు. నేను దూరంగా నిలబడి అకోసువా ఆంటీకి ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆవిడ మర్నాడు విమానంలో వస్తున్నారు. పెద్ద మ్యూజియం నుంచి మనిషి కూడా వస్తోంది, ఏడాదిగా ఆ మనిషి కోసం తిరిగారు.

ఆంటీ అంతా విన్నారు. తర్వాత, "ఎఫువా వద్దంటే హాలు మూసేద్దాం. అందరికీ నేను చెప్పుకుంటాను. ఆమెను ఒప్పించడానికి మాత్రం నువ్వు ప్రయత్నించకు" అన్నారు.

అప్పుడు అర్థమైంది నాకు, ఆవిడ ఆ బేస్‌మెంట్ గదిలో ఇన్నేళ్ళుగా ఏం చేస్తున్నారో. నాకు ఏడుపొచ్చింది. ఒకళ్ళ తల్లి మూడేళ్ళు ఒక గుడ్డలో దాక్కుని ఉంటే, మేమే ప్రేమగా బయటికి తోలేశాం.

ఇంట్లో నిర్మలక్క లాండ్రీ రూమ్‌లో నేల మీద కూర్చుని ఉంది. "ఎంత పని చేశానే సునీతా. ఏం చేస్తే తిరిగొస్తుందే? చేపలు తెచ్చి దాంట్లో చుట్టనా?" అంటోంది. జాయ్ తల్లి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

ఎఫువా తిరిగొచ్చింది. నేరుగా లాండ్రీ రూమ్‌కే వచ్చి, మా పక్కన చతికిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దేంతో రుద్దావు?" అని అడిగింది.

"లెమన్. సాల్ట్. ఐ యామ్ సారీ అమ్మా, ఐ యామ్ సో సారీ" అంది అక్క.

"మా అమ్మ బజారు నుంచి వచ్చేటప్పటికి మేము ఐదుగురం వాకిట్లో నిలబడి ఉండేవాళ్ళం. మమ్మల్ని ముట్టుకోనిచ్చేది కాదు. ముందు నిమ్మకాయ కోసి చేతులు, మెడ, జుట్టు అన్నీ రుద్దుకుని నీళ్ళు పోసుకునేది. ఆ తర్వాతే చేతులు చాపేది. మేము పరిగెత్తేవాళ్ళం." ఎఫువా గుడ్డని ఒళ్ళో పెట్టుకుని సాపు చేసింది. "చేపల వాసన బజారు ఆమెకి అంటించింది. రోజూ దాన్ని వదిలించుకునే మా దగ్గరికి వచ్చేది. నేను మూడేళ్ళు దాన్నే దాచుకున్నాను. ఆమె మమ్మల్ని ఎత్తుకున్నప్పటి వాసన మర్చేపోయాను. ఇందాక గుడ్డ ముఖానికి పెట్టుకుంటే..."

నిర్మలక్క ఆమె భుజం మీద చెయ్యి వేయబోయి, వెనక్కి తీసుకుంది.

"నాకు ఇంకా కోపంగానే ఉంది" అంది ఎఫువా. "అది ఎప్పటికీ తిరిగి రాదు. అదీ ఉంది, ఇదీ ఉంది." అని తనే అక్క చెయ్యి తీసుకుని భుజం మీద వేసుకుంది.

ఆ మధ్యాహ్నం అక్క వండిన చేపల పులుసు ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం నలుగురం కూర్చుని తిన్నాం. ఎఫువా రెండోసారి అన్నం పెట్టించుకుంది.

గ్యాలరీ

శనివారం మధ్యాహ్నం హాలు తలుపులు తెరిచారు. గోడ నిండా వందల చుట్టకుదుర్లు, గోధుమరంగు, బూడిదరంగు, నలుపు. గుమ్మంలోకి వచ్చిన ప్రతివాళ్ళూ వాసనకి ఒక్క క్షణం ఆగారు. కొందరు ముక్కు తడుముకున్నారు. కొందరు ఘానావాళ్ళు మాత్రం గట్టిగా ఊపిరి పీల్చుకుని నవ్వారు. మధ్యలో శుభ్రంగా, నీలంగా, చుట్ట చుట్టిన ఒక్క గుడ్డ. దాని దగ్గరికి వెళ్తే నిమ్మకాయ వాసన.

నిర్మలక్క రానంది. జాయ్ బలవంతంగా తీసుకొచ్చింది. పట్టుచీర కట్టుకుని, తలుపు దగ్గర దొంగలా నిలబడింది. అకోసువా ఆంటీ ఆమెను పలకరించి ఒక కుర్చీ చూపించారు గానీ అక్క కూర్చోలేదు.

మ్యూజియం నుంచి వచ్చినావిడ మధ్య గుడ్డ ముందు చాలాసేపు నిలబడింది. "ఇది ఒక్కటే ఎందుకు ఉతికారు?" అని అడిగింది.

ఎఫువా హాలుకి అడ్డంగా నడిచి, నిర్మలక్కని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. "ఈవిడ ఉతికింది. నన్ను అడగలేదు. మా అమ్మ కూడా ఎవరినీ అడగకుండానే ఆ చేపల వాసన కడిగేసుకునేది" అని, వాకిట్లో నిమ్మకాయ సంగతంతా చెప్పింది. ఆ మ్యూజియం మనిషి వంగి, కళ్ళు మూసుకుని ఆ గుడ్డ వాసన చూసింది. ఆ తర్వాత మళ్ళీ ఆర్నెల్లకి వస్తానందో, కబురు చేస్తానందో నాకు తెలియదు. ఆంటీకి తెలుసు. నేను నిర్మలక్కని చూస్తున్నాను. పట్టుచీర కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది.

అందరూ వెళ్ళాక ఎఫువా అక్కతో అంది. "ఈ వాసన వారంలో పోతుంది. ప్రదర్శన నెల రోజులు. నేను సోమవారం వెళ్ళిపోతున్నాను. నువ్వు వారానికోసారి వచ్చి దీన్ని ఉతికి పెడతావా?"

తిరిగొచ్చాక

నిర్మలక్క ప్రతి ఆదివారం చర్చి అయ్యాక గ్యాలరీకి వెళ్ళి ఆ గుడ్డ ఇంటికి తెచ్చి, ఉతికి, సోమవారం పొద్దున్నే ఇచ్చి వస్తోంది. ఆఫీస్‌కి లేటవుతున్నా సరే. మూడో వారం నాకు ఫోన్ చేసింది.

"ఒసేయ్ సునీతా, ఒక డౌటే. ఇక్కడ పచ్చ నిమ్మకాయలు ఉంటాయి, పసుపువి ఉంటాయి. నేను ఇప్పటిదాకా పసుపువే వాడా. వాళ్ళమ్మ ఏవి వాడేదో ఒకసారి ఎఫువాని అడిగి చెప్పవే. తప్పు వాసన వస్తే ఎలా?"

ఎఫువాకి మెసేజ్ పెట్టాను. ఘానా నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల బజారు గోల. ఆమె నవ్వుతోంది. "ఇంట్లో ఏవి ఉంటే అవే వాడమను. అమ్మ కూడా అంతే. పిల్లలు వాకిట్లో నిలబడి ఉన్నప్పుడు ఎవరు చూసుకుంటారు?"

ఆ మాట నిర్మలక్కకి చెప్పాను. ఫోన్లో కుళాయి నీళ్ళ చప్పుడు వినపడింది.

"సరేలే" అంది. "నానబెట్టాను, వెళ్ళి రుద్దాలి. ఉంటా."